పేరు కోసం పదిహేను రౌండ్లు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల గేట్ల దగ్గర మా మీద ఒక పాత జోకు నడుస్తుంటుంది. హాజరు రిజిస్టరులో మా పేర్ల ముందు 'యం.డి.' అని ఉంటుంది. 'ఏం భాయ్, కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరువు నువ్వేనా?' అంటాడు పక్కవాడు. అందరూ నవ్వుతారు. మేమూ నవ్వుతాం. నవ్వకపోతే తురకోడికి కోపమెక్కువ అంటారని నవ్వుతాం. ఆ రెండు పొడి అక్షరాల వెనక మొహమ్మద్ ఉంది. పుట్టగానే చెవిలో అజాఁ చెప్పించి మావాళ్లు పెట్టిన పేరులో మొదటి మాట అది. దాన్ని పూర్తిగా రాయడానికి టైమాఫీసు గుమాస్తాకు ఓపిక ఉండదు. రిజిస్టరు గడిలో చోటూ ఉండదు.

ఇది జోకుతో ఆగిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. కంట్రాక్టరు ఒక రకంగా రాస్తాడు. ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో మరో రకంగా ఉంటుంది. పదేళ్లు డ్రమ్ములు మోసి, ఘాటు పీల్చి, చివరికి పి.ఎఫ్. పైసలకు దరఖాస్తు పెట్టుకుంటే పేరు కలవలేదని తిరిగొస్తుంది. తాను తానేనని రుజువు చేసుకునే పని ఆ మనిషి మీదే పడుతుంది. ఇస్నాపూర్ చౌరస్తా చుట్టుపక్కల కిరాయి గది కోసం పోతే ముందు పేరడుగుతారు, పేరు విన్నాక గది లేదంటారు. రిజిస్టరులో సగానికి కుదించుకుపోయిన పేరు గది అడిగేచోట మాత్రం నిండుగా వినిపిస్తుంది. అస్సాంలో 2019 ఆగస్టు 31న పౌర పట్టిక తుది జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా పేర్లు అందులో లేవు. వాళ్లలో ముస్లింలే కాదు, హిందువులూ ఉన్నారు. కాగితానికీ కాగితానికీ మధ్య అక్షరం తేడా వస్తే మనిషి ఎక్కడిదాకా నెట్టబడతాడో ఆ రోజు మాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

మొహమ్మద్ అలీ గురించి మేం మాట్లాడదలచుకున్నది ఈ గేటు దగ్గర నిలబడే.

మా నాయినల తరానికి అలీ పేరు కొత్త కాదు. ఉర్దూ పత్రికల్లో చదివారు, రేడియోలో విన్నారు. సంగారెడ్డిలో మేం చిన్నప్పుడు క్షవరానికి పోయే దుకాణంలో మక్కా మదీనా కేలండరు పక్కన చేతులకు గ్లోవ్స్ వేసుకున్న అలీ బొమ్మ ఉండేది. 1980లో ఆయన మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడిపోయాడని మా పెద్దలు ఎన్నోసార్లు చెప్పుకునేవాళ్లు. ఆ మాటల్లో తరచూ వచ్చే వాదన ఒకటే. అలీని అలీగా చేసిన పోటీ ఏది? ఎవరిని అడిగినా జవాబు ఒకటే వచ్చేది: కిన్షాసా.

ఆ జవాబు తేలికగా తీసేసేది కాదు. 1974 అక్టోబరు 30న, తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో, జైర్ రాజధాని కిన్షాసాలో అలీ జార్జ్ ఫోర్‌మన్ ఎదుట నిలబడ్డాడు. అలీకి 32 ఏళ్లు, ఫోర్‌మన్‌కు 25. ఫోర్‌మన్ అప్పటికి ఆడిన 40 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. అలీని ఓడించిన జో ఫ్రేజియర్‌నూ, అలీ దవడ విరగ్గొట్టిన కెన్ నార్టన్‌నూ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలోనే ముగించాడు. అలీ ప్రాణాలతో బయటపడితే చాలని ఆయన మనుషులే భయపడ్డారు. అలీ తాళ్లకు ఆనుకుని, తల కాపాడుకుంటూ, ఫోర్‌మన్ కొట్టే దెబ్బలన్నీ చేతుల మీదా పక్కల మీదా కాచుకున్నాడు. కొట్టి కొట్టి ఫోర్‌మన్ అలిసిపోయాడు. ఎనిమిదో రౌండులో అలీ అతన్ని పడగొట్టాడు. 1967లో లాక్కున్న కిరీటం ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చింది. బలమైనవాడి బలాన్నే అతని మీదికి తిప్పిన పోటీ అది. దెబ్బలు తినేవాళ్లకు అది నచ్చకుండా ఎలా ఉంటుంది?

అయినా ఆ జవాబుతో మేం పూర్తిగా ఏకీభవించలేం. కిన్షాసాను ఆకాశానికి ఎత్తింది దెబ్బలు తినేవాళ్లు మాత్రమే కాదు. నార్మన్ మెయిలర్ దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ పోటీ మీద తీసిన 'వెన్ వి వర్ కింగ్స్' డాక్యుమెంటరీకి 1997లో ఆస్కార్ ఇచ్చారు. మైకేల్ మాన్ 2001లో తీసిన 'అలీ' సినిమా 1964 లిస్టన్ పోటీతో మొదలై కిన్షాసా గెలుపుతో ముగుస్తుంది. 2016 జూన్ 3న అలీ చనిపోయినప్పుడు పత్రికలు నింపిన పేజీల్లోనూ కిన్షాసాదే పెద్దపీట. ఒకప్పుడు ఆ మనిషిని దేశద్రోహి అన్న సమాజం ఇంత ఏకగ్రీవంగా ఒక పోటీని ఎంచుకుంటే దాని వెనక ఏదో సౌకర్యం ఉందని అనుమానించాల్సిందే.

ఆ సౌకర్యం ఏమిటంటే, కిన్షాసాలో అమెరికా ఎవరికీ జవాబు చెప్పనక్కర లేదు. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషిని ఓడించాడు, అంతే. వయసు మీద తెలివి గెలిచిందని రాసుకోవచ్చు. ఓపిక గెలిచిందని పిల్లలకు పాఠం చెప్పుకోవచ్చు. కిరీటం ఎవరు లాక్కున్నారు, ఎందుకు లాక్కున్నారు అనే ప్రశ్న దగ్గర ఆగకుండా తిరిగొచ్చిన కిరీటం దగ్గర చప్పట్లు కొట్టి వెళ్లిపోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పోటీకి డబ్బు పెట్టింది నియంత మొబుటు. ఇద్దరికీ చెరో 50 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ మొబుటు 1971లో కాంగో దేశం పేరు జైర్ అని మార్చాడు. ఆ తర్వాత, ప్రజలు తమ క్రైస్తవ పేర్లు వదిలేసి ఆఫ్రికా పేర్లు పెట్టుకోవాలని హుకుం జారీ చేశాడు. తన పేరునూ మార్చుకున్నాడు. తన పేరు తాను ఎంచుకున్న అలీ, జనం పేర్లను హుకుంతో మార్పించిన ప్రభువు సొమ్ముతో రింగులోకి దిగాడు. రెండూ పేరు మార్పిడే అయినా రెండూ ఒకటి కాదు. మనిషి తన పేరు తాను మార్చుకుంటే అది స్వేచ్ఛ. రాజ్యం మార్పిస్తే దౌర్జన్యం. 2018లో అలహాబాద్‌ను ప్రయాగ్‌రాజ్ చేసినప్పుడూ, ఎన్నికలొచ్చినప్పుడల్లా హైదరాబాద్ పేరు మారుస్తామని వేదికల మీద అరిచినప్పుడూ మాకు గుర్తొచ్చేది మొబుటే. కిన్షాసాను మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి ఎక్కువగా మాట్లాడరు.

అలీ వారసత్వాన్ని తేల్చిన పోటీ ఏదని మమ్మల్ని అడిగితే, కిన్షాసాకు ఏడేళ్ల ముందుకు పోతాం. 1967 ఫిబ్రవరి 6, హ్యూస్టన్ నగరం. ఎదుటివాడు ఎర్నీ టెరెల్.

1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి ఛాంపియన్ అయినప్పుడు ఆయన పేరు కేషియస్ క్లే. మార్చి 6న ఎలైజా మొహమ్మద్ ఆయనకు మొహమ్మద్ అలీ అనే పేరిచ్చాడు. దేశం ఆ పేరు పలకడానికి ఒప్పుకోలేదు. పత్రికలు చాలా ఏళ్లు క్లే అనే రాశాయి. 1965 నవంబరులో ఫ్లాయిడ్ ప్యాటర్సన్ క్లే అంటూనే రింగులోకి వచ్చి 12వ రౌండులో ఓడాడు. తర్వాత టెరెల్ వంతు. పోటీకి ముందు ఇద్దరినీ కెమెరా ముందు కూర్చోబెడితే టెరెల్ కూడా క్లే అన్నాడు. ఆ పేరుతో పిలవొద్దని అలీ అక్కడే గొడవకు దిగాడు.

రింగులో అలీ ఒక్కో దెబ్బకూ ఒకే ప్రశ్న అడిగాడు: 'నా పేరేమిటి?' టెరెల్ కంటికి గాయమైంది. అయినా పడిపోలేదు. పోటీ పదిహేను రౌండ్లూ సాగింది. అలీ కావాలనే ముగించకుండా హింసించాడని విమర్శకులు రాశారు. పాయింట్ల మీద అలీ గెలిచాడు. అంతే తప్ప బాక్సింగ్ కళ పరంగా ఆ పోటీని గొప్పదని ఎవరూ అనరు. మేమూ అనం.

ఆ రాత్రి హ్యూస్టన్‌లోనే ముగియలేదు. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 28న, అదే హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే కేంద్రంలో అలీని పాత పేరుతో పిలిచారు. ఒక అడుగు ముందుకు వేస్తే సైనికుడైపోతాడు. ఆయన వేయలేదు. వియత్నాం మీద యుద్ధానికి రానన్నాడు. ఫిబ్రవరిలో ఆ నగరంలో పిడికిలితో అడిగిన ప్రశ్ననే ఏప్రిల్‌లో కదలకుండా నిలబడి అడిగాడు. ఈసారి ఎదురుగా ఉన్నది రాజ్యం. బాక్సింగ్ లైసెన్సు పోయింది, కిరీటం పోయింది, పాస్‌పోర్టు పోయింది. జూన్ 20న ఐదేళ్ల జైలు, పది వేల డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు మీద జైలు తప్పింది గానీ 1970 అక్టోబరు దాకా రింగు ఎక్కనివ్వలేదు. పాతికేళ్ల వయసు నుంచి దాదాపు ఇరవై తొమ్మిదేళ్ల వయసు దాకా, ఏ బాక్సరుకైనా కండలో సత్తువ నిండుగా ఉండే మూడున్నర ఏళ్లు, అట్లా పోయాయి. చివరికి 1971 జూన్ 28న సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో శిక్ష కొట్టేసింది. ఆ కేసు పేరు ఏమిటో తెలుసా? 'క్లే వర్సెస్ యునైటెడ్ స్టేట్స్'. విడిపించిన కోర్టు కూడా పాత పేరుతోనే విడిపించింది.

అందుకే హ్యూస్టన్ అంటున్నాం. హ్యూస్టన్ లేకపోతే కిన్షాసాలో తిరిగి గెలవాల్సిన అవసరమే ఉండేది కాదు. కిన్షాసా ఆయన ఎంత గొప్ప బాక్సరో చెప్పింది. ఆ బాక్సరు ఎవరు అన్నది హ్యూస్టన్‌లో తేలింది.

అయితే హ్యూస్టన్‌ను ఎంచుకున్నాక అందులోని చెడును వదిలేసి మంచిని మాత్రం తెచ్చుకోలేం. టెరెల్ తెల్లవాడు కాదు, నల్లవాడు. బానిసల వారసుడు ఇంకో బానిసల వారసుణ్ని కొడుతూ పేరు చెప్పమన్నాడు. క్లే అని అచ్చువేసిన తెల్ల సంపాదకుడికి ఒక్క దెబ్బా తగల్లేదు. తర్వాత అలీ జో ఫ్రేజియర్‌ను తెల్లవాళ్ల బంటు అన్నాడు, గొరిల్లా అన్నాడు. లైసెన్సు లేని రోజుల్లో తన పక్షాన మాట్లాడిన మనిషినే అన్నాడు. ఫ్రేజియర్ ఆ గాయాన్ని చాలా ఏళ్లు మోశాడు. మయామీలో తన పక్కన నిలబడిన మాల్కం ఎక్స్, ఎలైజా మొహమ్మద్‌తో విడిపోగానే అలీ ముఖం తిప్పుకున్నాడు. 1965 ఫిబ్రవరి 21న మాల్కంను చంపేశారు. ఆ పని చేసినందుకు అలీ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. కానీ పశ్చాత్తాపం చెప్పుకోవడానికి మాల్కం లేడు.

ఈ మాట మేం అమెరికా కోసం రాయడం లేదు. మా ఇళ్ల గురించి రాస్తున్నాం. యం.డి. అంటే మాకు గుచ్చుకుంటుంది. మరి మాలోనే సయ్యద్, షేక్, పఠాన్ అని గొప్పలు పోయేవాళ్లు దూదేకుల మనిషి పేరు విని 'ఇదేం ముసల్మాన్ పేరు?' అని నవ్వినప్పుడు అతనికి గుచ్చుకోదా? ఇంట్లో తెలుగు మాట్లాడే సాయిబుకు ఉర్దూ రాదని దావత్‌లో మాటలంటాం. కసాబు, ఫకీరు, లద్దాఫ్ అని కులం పేరుతో పిలుస్తాం. బయట మా పేరు సరిగ్గా పలకమని అడిగే మేం లోపల ఎవరి పేరు సరిగ్గా పలుకుతున్నాం? గుమాస్తాను ఏమీ అనలేక పక్కన నిలబడ్డ టెరెల్‌ను కొట్టే అలవాటు మాకూ ఉంది.

హ్యూస్టన్ ప్రశ్న మా తెలంగాణలో కూడా ఒకసారి వినిపించింది. కాకపోతే తిరగబడి వినిపించింది. 2019లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్, ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండా పంపించొద్దనీ, తనకూ పోటీ పడే అవకాశం ఇవ్వాలనీ క్రీడల మంత్రికి లేఖ రాసింది. అప్పుడు మేరీ కోమ్ నోటి నుంచి 'నిఖత్ జరీన్ ఎవరు?' అన్న మాట పత్రికలకెక్కింది. అలీ తన పేరేమిటని ఎదుటివాణ్ని అడిగాడు. ఇక్కడ ఎదుటివాళ్లే ఆ పేరెవరిదని అడిగారు. మేరీ కోమ్ కూడా మెజారిటీ మనిషి కాదు. మణిపూర్‌లోని చిన్న కోమ్ తెగ నుంచి, పేద ఇంటి నుంచి వచ్చిన క్రైస్తవ స్త్రీ. అంచున ఉన్న ఇద్దరిని ఒకే తలుపు దగ్గర నిలబెడితే వాళ్లలో వాళ్లు తోసుకుంటారు. తలుపు అంత ఇరుగ్గా కట్టినవాడు మాత్రం బయట కూర్చుని చూస్తాడు.

2019 డిసెంబరు 28న ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడిపోయింది. పోటీ అయ్యాక మేరీ కోమ్ చేయి కూడా కలపలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్లీ అయింది. అప్పుడు ఆమె పేరు అందరికీ నోరు తిరిగింది. ప్రభుత్వం రెండు కోట్లు ప్రకటించింది. పత్రికలన్నీ దేశం బిడ్డ అన్నాయి. గెలిచి వచ్చిన ఆ పిల్లను హిజాబ్ మీద నీ అభిప్రాయం చెప్పమని కూడా అడిగారు. అది ఎవరి ఇష్టం వాళ్లదని, తాను దేశం తరఫున ఆడుతున్నానని ఆమె చెప్పింది. ఆ ప్రశ్న ఇంకే ఛాంపియన్‌కైనా వేస్తారా? ఆమె గెలిచింది కాబట్టి ఆ ప్రశ్న మర్యాదగా వచ్చింది. ఓడి ఉంటే?

మాకు నిఖత్ జీవితంలో కీలకమైన పోటీ ఇస్తాంబుల్ కాదు, 9-1తో ఓడిన ఆ ట్రయల్. నన్నూ రింగులోకి రానివ్వండి అని ఆమె అడిగిన పోటీ అది. గెలుస్తానని అడగలేదు, అడిగే హక్కు ఉందని అడిగింది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడినప్పుడు కూడా మేం ఆమెను ఆ ట్రయల్‌తోనే కొలిచాం. ఇందులో మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఊళ్లో పరుగెత్తుతుందేమిటని గొణిగింది మొదట మావాళ్లే. పేరు మోగాక షాలువాలు పట్టుకుని ముందు వరసలో నిలబడిందీ మావాళ్లే. అలాగే ఆమెను మా అస్తిత్వానికి జెండాగా ఎత్తుకునే హక్కు కూడా మాకు లేదు. తనను ఎట్లా పిలవాలో ఆమే చెప్పుకుంటుంది. అలీ అడిగిందీ అదే.

మా లౌకిక మిత్రులతో ఒక మాట. 1996 జులైలో అట్లాంటా ఒలింపిక్స్‌లో పార్కిన్సన్స్ జబ్బుతో వణికే చేత్తో అలీ జ్యోతి వెలిగించినప్పుడు ప్రపంచమంతా కళ్లు తుడుచుకుంది. మేమూ తుడుచుకున్నాం. కానీ ఆలోచించండి. గట్టిగా మాట్లాడినన్నాళ్లూ ఆయన పేరు పలకని దేశం, జబ్బు ఆయన గొంతును అణిచేశాక ఆ పేరును ముద్దు చేసుకుంది. మీరు కూడా మమ్మల్ని ఖవ్వాలీలో, బిర్యానీలో, పీర్ల పండుగలో, దేశానికి పతకం తెచ్చినప్పుడు ప్రేమిస్తారు. అది అబద్ధపు ప్రేమ అని మేం అనడం లేదు. కానీ కిరాయి గది దొరకలేదని, పేరు తప్పు రాశారని, మా పిలగాణ్ని ఉత్త అనుమానం మీద స్టేషన్లో కూర్చోబెట్టారని చెప్పినప్పుడు మీరు మాట మారుస్తారు. కిన్షాసా దాకా వచ్చే మీరు హ్యూస్టన్‌లో మా పక్కన నిలబడరు. మాకు మీరు కావలసింది అక్కడే.

అలీకి ఒక సౌకర్యం ఉంది. ఆయన హెవీవెయిట్. ప్రపంచంలో ఎవరినైనా పడగొట్టగల పిడికిలి ఉండబట్టి నా పేరేమిటని అడిగితే వినక తప్పలేదు. 2002లో హాలీవుడ్ కాలిబాట మీద ప్రముఖుల పేర్లతో పరిచే నక్షత్రాల్లో ఆయనకూ ఒకటి ఇచ్చారు. మొహమ్మద్ అనే పేరు మీద జనం కాళ్లు పెట్టడానికి వీల్లేదని ఆయన అన్నాడు. అందుకని ఆ ఒక్క నక్షత్రాన్ని గోడకు బిగించారు.

గోడకు బిగించమని అడిగే బరువు మాకు లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బతుకుతెరువుకు బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఏ శరీరం ఎవరిదో తెలియక డి.ఎన్.ఏ. పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి విషయంలో అప్పగించడానికి ఏమీ మిగల్లేదు. వాళ్లు హిందువులా ముస్లింలా అని మేం అడగడం లేదు. ఆ రోజుల్లో గేటు బయట నిలబడ్డ తల్లులు, భార్యలు చేతిలో ఫోటో పట్టుకుని అడిగింది పేరే. లోపలికి పోయినవాడి పేరు రిజిస్టరులో ఉందా, సరిగ్గా ఉందా, ఉంటే అతనేడి? ఈ బొంబాయి రోడ్డు పొడవునా పేరు సరిగ్గా రాయించుకోవడం మాకొక్కరికే కాదు, ఒళ్లు అమ్ముకుని బతికే అందరికీ అవసరం. మా పేరుకు మతం కూడా తోడై బరువు ఇంకాస్త పెరిగింది, అంతే.

కిరీటం గెలిచాకే పేరు పలుకుతామంటే మా బస్తీల్లో ఎవరికీ పేరు మిగలదు. గెలవనివాడి పేరు కూడా సరిగ్గా పలకాలన్నదే హ్యూస్టన్ నుంచి మేం తెచ్చుకున్న వారసత్వం. టెరెల్ పేరు కూడా పలకాలన్నది అలీ మరిచిపోతే మేం చేర్చుకున్నది.

మొన్న మా పిలగాడొకడు కొత్తగా పనిలో చేరడానికి పోయాడు. గుమాస్తా అలవాటు ప్రకారం 'యం.డి.' అని రాశాడు. 'పూర్తిగా రాయండి సార్' అన్నాడు వీడు. గడిలో పట్టదన్నాడు గుమాస్తా. 'పక్క గడిలోకి రాయండి' అన్నాడు వీడు. వెనక లైనులో నిలబడ్డవాళ్లు షిఫ్టుకు ఆలస్యమైతుందని విసుక్కున్నారు. గుమాస్తా ఒకసారి తలెత్తి చూసి, రాశాడు.